వదిలిన పోగులు

"మీ వాళ్లందరూ ఇదే తీసుకుపోతారు," అంటూ రాజేంద్ర బొమ్మ తల మీంచి ఉంగరాల జుట్టు ఊడబెరికి సువర్ణ ముందు పడేశాడు.

నడుము దాకా దిగే పొడవు. కాఫీపొడి రంగు, కొసలకు ఎర్ర జీర. సువర్ణ దాన్ని ముట్టుకోలేదు. ఎడమచేత్తో చెవి దగ్గర కొంగును ఇంకాస్త బిగించి పట్టుకుని, చెప్పిన మాటే మూడోసారి చెప్పింది.

"నాకు యాభైతొమ్మిది నడుస్తాండాదప్పా. యాభైతొమ్మిదేండ్ల ఆడమనిషి జుట్టు చూపియ్. నెరిసింది కావాల. అది గూడా ముందర మాత్రమే, నుదుటి కాడ నించి నడినెత్తి దాకా. ఎనకాల నా జుట్టే ఉండాది."

రాజేంద్ర నవ్వాడు. అనంతపురం పాతూరులో పెళ్లి జడలు, నాటకాల కిరీటాలు, సవరాలు అమ్మే ఆ అంగడి వాళ్ల నాయన పెట్టింది. చెడ్డవాడేం కాదు. వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెట్టకుండా స్టూలు వేసి కూర్చోబెట్టాడు, ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. కాకపోతే ఆమె అడిగేది ఒక్కటి తప్ప మిగతావన్నీ తీసి చూపిస్తున్నాడు.

"నెరిసినోళ్లు వచ్చి నల్లది అడుగుతారు. దుడ్లిచ్చి ముసలితనం కొనేవాళ్లను ఇప్పుడే చూస్తాండా."

"చూసినావు గదా. ఇప్పుడన్నా తియ్."

అతను లోపలికి పోయి ఒక అట్టపెట్టె దులిపి తెల్లటిదొకటి తెచ్చాడు. దూదిని ఏకి గుడ్డకు అంటించినట్టుంది. ఒక పక్క ఎలుక కొరికింది.

"నాటకాల్లో అవ్వ ఏషానికి బాడుగకిస్తాం. నువ్వు కావాలంటే అమ్మేస్తాలే."

"ఇది మునీశ్వరుడి గడ్డమప్పా. గడ్డాన్ని తీసి నెత్తికెక్కిస్తే అవ్వ అయితాదా?"

"మరి నీకేం కావాల్నో నాకు అర్థం కాలా."

సువర్ణకు తొందరుంది. వచ్చే శుక్రవారం ధర్మవరంలో చేనేత పనివాళ్ల గుర్తింపు కార్డులకు కొత్త ఫోటోలు తీస్తున్నారు. ఇప్పుడున్న కార్డు మీద సుంకప్ప అనే తన పాత పేరు, బట్టతలకు తుండు చుట్టుకుని మగమనిషిగా దిగిన బొమ్మ. పేరు మార్చే కాగితాలన్నీ నిరుడే సంపాదించింది. ఇక మిగిలింది ఫోటో. ముప్పై ఏళ్లుగా పట్టు పోగులు పురిపెట్టీ పురిపెట్టీ బొటనవేలి గీతలు అరిగిపోయాయి. ఏ యంత్రంలోనూ ఆమె వేలిముద్ర పడదు. అందుకని ఎక్కడికి పోయినా కార్డు మీది ముఖాన్ని ఆమె ముఖంతో పోల్చి చూస్తారు. ఒకసారి చూస్తారు, మళ్లీ చూస్తారు, పక్క బల్లవాణ్ణి పిలిచి చూపిస్తారు. ఈసారి ఎవరూ రెండోసారి చూడని ఫోటో పడాలి. నల్ల జుట్టుతో అది అయ్యే పని కాదు. కొత్తచెరువులో ఒక పెళ్లికి నల్లది పెట్టుకుపోతే, ముడతల ముఖం మీద ఆ నిగనిగ చూసి పిల్లలు పందిరి చివరిదాకా వెంటబడ్డారు. ఇత్తడి చెంబుకు స్టీలు మూత పెట్టినట్టుందని వాళ్ల ముఖాలు చూశాక ఆమెకే తెలిసింది.

"సరే, ముందర పెట్టుకునేది ఉండాదా లేదా, అది చెప్పు. రంగు సంగతి నేను చూసుకుంటా."

అరచేయంత జాలీకి కుట్టిన నల్ల జుట్టు ముక్కలు రెండు తీసి పెట్టాడు రాజేంద్ర. "రెండూ ఒరిజినల్. మనిషి ఎంటికలు."

సువర్ణ మొదటిదాంట్లోంచి ఒక పోగు లాగి, సంచిలోంచి అగ్గిపెట్టె తీసింది.

"ఏయ్, ఏం చేస్తాండావ్! అంగడి నిండా నైలానుండాది!"

అప్పటికే పుల్ల గీసింది. పోగు ముడుచుకుపోయి కొసన నల్ల పూసయింది. సువర్ణ దాన్ని గోటితో నొక్కి అతని ముందు పెట్టింది.

"ఇది బకెట్లు చేసే కంపెనీలో పుట్టిందప్పా."

రెండోదాంట్లో పోగు కాల్చింది. చిటపటమని కాలి, వేళ్ల మధ్య నలిపితే బూడిదయింది. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పట్టు కాలితే ఏ వాసన వస్తుందో వెంట్రుక కాలినా అదే వాసన. ఈ వాసన విషయంలో ధర్మవరంలో ఎవరూ ఆమెను మోసం చేయలేదు, అనంతపురంలో ఈ రాజేంద్ర ఎంత?

"ఇది మనిషిదే. కట్టు."

"నల్లదే గదా ఇది గూడా? ఇంతసేపు నా ప్రాణం తీసి మళ్లా నల్లదే కొంటాండావా?"

"రంగు తీసేయిస్తా. మా ఊర్లో ఎక్కించలేని రంగు లేదు, దించలేని రంగు లేదు."

ఆమె నెల కూలి గల్లాపెట్టెలో పడింది. రాజేంద్ర పొట్లం కడుతూ గొణిగాడు, "ముసిలోళ్లు గావాలని ఇంత పోరాటమా తల్లీ."

ఆదివారం పొద్దున కుళ్లాయప్ప రంగుల కొట్టం ముందు నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది. బోరు ఎండిపోయి మూడు నెలలు. ట్యాంకరు వచ్చిన రోజు కుళ్లాయప్ప ఎవరితోనూ సరిగా మాట్లాడడు. గుండిగల కింద మంట, భుజాన తుండు, రెండు చేతులకూ మోచేతుల దాకా ఎర్ర రంగు. సువర్ణ పొట్లం విప్పగానే వెనక్కి జరిగాడు.

"యాభై ఏండ్ల నించి పట్టు తప్ప ఇంకోటి ముంచలేదు నా గుండిగలో."

"ఇది గూడా ప్రాణంలోంచి వచ్చిందే అన్నా. పట్టు పురుగుది, ఇది మనిషిది. రంగు తప్పు పడిన పట్టుకు హైడ్రోసు పోసి దించుతావు గదా, దీనికీ అట్లనే దించు. కొంచెం నెరిసినట్టు వస్తే సాలు."

"వస్తాదో రాదో నాకు పూచీ లేదు."

"నీ చేతిలో రాకపోవడం యాడుండాది?"

పొగిడితే కుళ్లాయప్ప మెత్తబడతాడని ఊరందరికీ తెలుసు. చిన్న గిన్నెలో వేడినీళ్లు పోసి, తెల్ల పొడి కొలవకుండానే వేసి, కట్టెకు తగిలించి జుట్టు ముంచాడు. ముక్కులు అదిరే ఘాటు లేచింది. ఇద్దరూ గిన్నెలోకి వంగారు. నీళ్లు నల్లబడ్డాయి. నలుపు దిగుతుంటే సువర్ణ ఆయన భుజం మీద చేయి వేసి, "చూస్తివా, దిగుతాండాది," అంది. జుట్టు గోధుమ రంగుకు వచ్చింది. తర్వాత ఇటుక రంగుకు వచ్చింది. అక్కడ ఆగింది.

కుళ్లాయప్ప ఇంకొంచెం పొడి వేశాడు. అప్పుడు అది మొక్కజొన్న పీచు రంగుకు తిరిగింది.

కట్టెతో పైకెత్తి వెలుతుర్లో పట్టుకున్నాడు. ట్యాంకరు డ్రైవరు పైపు చుట్టుకుంటూ, "బాగుండాదే, ఏ కోతిది?" అన్నాడు.

"నోర్ముయ్ రా," అని సువర్ణ అతని మీద పడింది. తర్వాత కుళ్లాయప్ప వైపు తిరిగింది. "ఏమన్నా ఇది? నెరుపేది?"

"నేనేం చేసేది? నలుపు తీస్తే లోపల ఉన్నదే బయటికొస్తాది. దీని లోపల ఇదే ఉండాది." ఆయనకూ కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో తేల్చుకోలేక మంటలోంచి ఒక కట్టె లాగి పక్కన పడేశాడు. "తెలుపు అనేది రంగు గాదు సువర్ణా. నేను ఎన్ని గుండిగలు పెట్టినా దాన్ని అద్దలేను. యాడన్నా తెల్లగా ఉన్నదాన్నే ఎతుక్కో."

కూలి తీసుకోలేదు. తడి జుట్టును పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి సువర్ణ దాన్ని గుంజకు కట్టి, ఒక్కొక్క పోగూ పీకి పారేసింది. జాలీ మాత్రం చెడలేదు. పొద్దుగుంకేసరికి అరచేతిలో ఖాళీ జాలీ, ఒడినిండా ఎర్ర పీచు మిగిలాయి.

సోమవారం, వీధంతా పెద్దక్క అని పిలిచే మగ్గం యజమానురాలి ఇంట్లో అచ్చు అతికే పని.

మగ్గం మీద పాత పడుగు అయిపోయాక కొత్త పడుగు ఎక్కించాలి. పాతదాని కొసలకూ కొత్తదాని కొసలకూ ఒక్కొక్క పోగే కలిపి పురిపెట్టాలి. నాలుగువేల పైచిలుకు పోగులు. ఎడమచేతి వేళ్లతో రెండు కొసలు ఏరి పట్టుకుని, బూడిద అద్దిన కుడిచేతి బొటనవేలితో చూపుడువేలి మీద ఒక్క తోపు తోస్తే రెండు పోగులు ఒకటవుతాయి. ముడి ఉండదు, అతుకు కనబడదు. ఒక్క పోగు తప్పినా చీర పొడుగునా గీత పడుతుంది. ముప్పై ఏళ్లలో సువర్ణ అతికిన పడుగులో గీత పడిందని ఎవరూ అనలేదు. అందుకే పెద్దక్క ఆమెను తప్ప ఇంకొకర్ని మగ్గం దగ్గరికి రానివ్వదు.

రానివ్వడం అంటే మగ్గం దాకానే. కాఫీ గ్లాసు చేతికివ్వకుండా మగ్గం గుంత గట్టు మీద పెట్టి, "ఆడ పెట్టినా చూడు," అంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ గట్టు మీదే పెడుతుంది. సువర్ణ తీసుకుంటుంది.

"రేపటికి అయిపోవాల," అంది పెద్దక్క. డెబ్బైకి ఒక ఏడాది తక్కువ ఆమెకు. నడుముకు కొంగు దోపి, కండెల బుట్ట ముందేసుకుని కూర్చుంది. "శ్రావణంలో పెండ్లి చీర. వాళ్లు దినామూ ఫోన్ చేస్తాండారు."

"అయితాదిలే అక్కా. నాకూ శుక్రవారం పని ఉండాది."

"ఫోటో గదా? నువ్వు నా మగ్గంలో చేస్తాండావని నేనొచ్చి సంతకం పెట్టాలంట గదా. వస్తాలే." పెద్దక్క ఆగి, "ఎంటికలకు రంగేపిస్తానని ఆ కుళ్లాయప్ప కాడికి పోయినావంట. ఊరంతా నవ్వుతాండారు," అంది.

"నవ్వనీ."

"నాకర్థం కాలా. పదైదు దినాలకొకసారి ప్యాకెట్టు కలిపి పూసుకుని, నెత్తంతా దురదలెత్తి సస్తాండా నేను, ఈ తెలుపు కనబడకూడదని. నువ్వేమో తెలుపు కోసం ఊర్లు తిరుగుతాండావు. నీ ఎనకటి జుట్టుకు గూడా నల్ల ప్యాకెట్టు పూసుకుంటే ఇంత బాధ ఉండాదా?"

"నెత్తికి పూసుకుంటా. మొహానికి ఏం పూసుకునేది?"

పెద్దక్క మళ్లీ కండె తిప్పింది.

పది గంటలప్పుడు వీధిలో కేక వినబడింది. "చిక్కెంటికలకు సామాన్లే! చిక్కెంటికలకు స్టీలు సామాన్లే!" ఓబులేష్ పాత మోపెడ్‌కు రెండు పక్కలా గిన్నెలు, జల్లెళ్లు, ప్లాస్టిక్ చెంబులు. వెనకాల గోతం. తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకల్ని ఆడవాళ్లు ఉండచుట్టి గోడ సందులో దాచుకుంటారు. వాటిని తీసుకుని అతను గిన్నెలిస్తాడు. పామిడి నుంచి కొత్తచెరువు దాకా అతను తిరగని వీధి లేదు.

సువర్ణ చేతిలోని పోగు తోసి, లేచి బయటికి పోయింది.

"ఓబులేషూ, తెల్లెంటికలు ఉండాయా నీ కాడ?"

"తెల్లవా? అవి ఏరి వేరే సంచిలో వేస్తా. కొనేవాళ్లు నల్లవాటికే మంచి రేటిస్తారు. యాలమ్మా?"

"నాకు కావాల."

అతను మోపెడ్ స్టాండు వేశాడు. ఆమె ముఖం, కొంగు, కొంగు కింద ఎత్తు లేని నెత్తి చూశాడు. అర్థమైనట్టుంది. సంచి విప్పి వాకిలి అరుగు మీద కుమ్మరించాడు. తెలుపూ నలుపూ కలిసిన ఉండలు, కొన్ని కాకిగూళ్లంత, కొన్ని నిమ్మకాయంత.

"ఒకరివి గావమ్మా ఇవి. నూరుమందివి ఉంటాయి. చిక్కు తీయలేక నీ చేతులు పడిపోతాయి."

"చిక్కు తీసేదే నా పని. కొంచెం నల్లవి గూడా కలిపి ఎంతకిస్తావు?"

ఓబులేష్ తల గోక్కున్నాడు. "ఏమని చెప్పేది? ఎంటికలు తీసుకొని గిన్నెలిచ్చేదే గానీ, ఎంటికలు అమ్మింది లేదు నేను."

సువర్ణ అదే వీధిలో ఉన్న తన ఇంట్లోకి పోయి, పోయినేడు ఇతని దగ్గరే తీసుకున్న స్టీలు టిఫిను డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. అతను దాన్ని తిప్పి చూసుకున్నాడు. అడుగున తను గీసిన గుర్తు చూసి, "నా యాపారమే తలకిందులు చేసినావు గదమ్మా," అని ఏడ్వలేక నవ్వాడు.

వాకిట్లో నిలబడి ఇదంతా చూసిన పెద్దక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎవరెవరి ఎంటికలో! దువ్వెన ఎంటికలు పరాయివాళ్ల చేతికి పోతే ఏమేమి చేస్తారో అని మేము కాల్చిపారేస్తాం. నువ్వు కొనుక్కోని నెత్తిన పెట్టుకుంటావా?"

"నా నెత్తే గదా."

"నెత్తి నీది. అచ్చు నాది. రా, బిరీన."

సోమ, మంగళవారాలు పొద్దున పెద్దక్క పడుగు, మధ్యాహ్నం నుంచి తన జాలీ. ఉండల్ని కుంకుడు రసం కలిపిన ఉడుకునీళ్లతో రెండుసార్లు కడిగింది. తడి ఆరకముందే సూదిమొనతో చిక్కు తీసింది. జాకెట్లకు పూలు కుట్టే మగ్గం వర్కు సూది కొనకు చిన్న కొక్కెం ఉంటుంది. దాన్నొకటి అడిగి తెచ్చుకుంది. జాలీ కంట్లోకి సూది దూర్చి, రెండేసి వెంట్రుకలు పట్టి లాగి, మెలితిప్పి ముడివేయడం. మొదటి రోజు వంద ముళ్లకే కళ్లు నీళ్లు కారాయి. రెండో రోజుకు చేతికి దారి తెలిసింది. మంగళవారం మధ్యాహ్నానికే పెద్దక్క పడుగు అతకడం అయిపోయింది. బుధవారం నాలుగు గంటలకు జాలీ నిండింది.

సువర్ణ చిన్న అద్దం ముందు కూర్చుని పెట్టుకుంది. ముందరి జుట్టును వెనకటి సొంత జుట్టుతో కలిపి ముడి చుట్టింది. పక్కకు తిరిగి చూసుకుంది. రంగు కలిసింది. కానీ ఏదో ఉంది. ఎంత చూసినా ఆ ఏదో ఏమిటో దొరకలేదు. కొంగు కప్పుకుని పెద్దక్క ఇంటికి పోయింది.

"అక్కా, ఒకసారి చూడు. నవ్వేది ఉంటే ఇప్పుడే నవ్వు. శుక్రవారం నవ్వొద్దు."

కొంగు దించింది. పెద్దక్క కండె ఆపి, దగ్గరికి వచ్చి, చుట్టూ తిరిగి చూసింది. నవ్వలేదు. మగ్గం మీది చీర అంచును చూపించింది.

"దీని మాదిరి ఉండాది."

"అంటే?"

"అంటే ఏంది? ఒక్క పోగు తప్పలా. నుదుటి మీద చూడు, దారం పట్టి గీసినట్టు. పాపిట చూడు, ఈ కొస నించి ఆ కొసకు ఒకే లావు. తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, గళ్ల తువ్వాలు మాదిరి. ఎవరి నెత్తి ఇట్లుంటాది? నువ్వు అచ్చు అతికినావు, జుట్టు పెట్టలా."

సువర్ణ గట్టు మీద కూలబడింది. మూడు రోజుల మెడనొప్పి అంతా ఒక్కసారి భుజాల్లోకి దిగింది. అనంతపురం అంగడి, హైడ్రోసు ఘాటు, స్టీలు టిఫిను. ఇప్పుడు పని బాగా చేసినందుకే పని చెడిందంట.

"ఏం చేసేది అక్కా నేను? తప్పు చేస్తే తప్పంటారు. తప్పు లేకుండా చేస్తే అదీ తప్పంటే ఎట్ల? దేవుడు ఎట్ల పెట్టినాడో నాకేం తెల్సు? నాకు పెట్టకుండా మర్చిపోయినాడు గదా!"

పెద్దక్క పోయి వీధి తలుపు దగ్గరికి వేసింది. వచ్చి సువర్ణ ముందు చాప మీద, కిటికీ వెలుతురుకు వీపు పెట్టి కూర్చుంది. ముడిలోంచి పిన్నులు ఒక్కొక్కటి తీసి పండ్ల మధ్య పట్టుకుంది. జుట్టు జారవిడిచి తల ముందుకు వంచింది.

"చూడు," అంది పిన్నుల మధ్య నుంచి. "మళ్లా మళ్లా చూపియ్యను."

నల్ల ప్యాకెట్టు కింద అర అంగుళం తెలుపు మొలిచింది. నుదుటి దగ్గర పాపిట సన్నగా మొదలై, పోను పోను వెడల్పయి, నడినెత్తి మీద రూపాయి బిళ్లంత చోట చర్మం కనబడుతోంది. పెద్దక్క రోజూ సవరం చుట్టి, పూలు పెట్టి దాచే చోటు అది. కణతల దగ్గర దూది తెలుపు. చెవుల వెనక ఇంకా నలుపే. నుదుటి మీద ఒకచోట నాలుగు వెంట్రుకలు ముందుకొచ్చాయి. ఒకచోట బొత్తిగా లేవు.

సువర్ణ చేయి పైకెత్తి గాలిలో ఆపింది.

"ముట్టుకోకుండా ఎట్ల తెలుస్తాది నీకు? ముట్టుకో. బూడిద చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నా."

వేలి కొసతో పాపిట పొడుగునా రాసుకుంటూ పోయింది. పడుగును ఎంచినట్టే ఎంచింది. ఇక్కడ పదికి పది. ఇక్కడ పదికి ఆరు. ఇక్కడ పదికి రెండు. ఇక్కడ ఏమీ లేవు. పెద్దక్క మెడ వెనక చెమట పట్టింది. ఊపిరి గట్టిగా తీస్తోంది గానీ తల ఎత్తలేదు.

"ఈడ ఎందుకు ఊడినాయి అక్కా?"

"నలభై ఏండ్లు నీళ్ల బిందెలు మోసినా గదా. చుట్టకుదురు ఆడ్నే పెట్టేది." తల ఇంకాస్త వంచి, "చాలా?" అంది.

"చాలు."

పెద్దక్క ముడి చుట్టుకుని పిన్నులు గుచ్చుకుంది. లోపలికి పోయి కాఫీ తెచ్చి, ఎప్పట్లాగే గట్టు మీద పెట్టింది. కానీ తర్వాత తన పనికి తను పోలేదు. పక్కనే కూర్చుంది.

కట్టిన ముళ్లను విప్పడం మొదలైంది. కట్టడం కన్నా అదే కష్టమైంది. పదింట్లో నాలుగు పోగులు పీకాలి. సువర్ణ ఒకటి పీకేది, చేయి తనంతట తనే వెనక్కి పోయి ఆ ఖాళీని పూడ్చబోయేది. ముప్పై ఏళ్ల చేయి మాట వినడం లేదు. ఆమెకు తన వేళ్ల మీదే విసుగు పుట్టింది.

"వదిలెయ్," అనేది పెద్దక్క.

"సందు కనపడతాండాది."

"కనపడనీ. వదిలెయ్. ఆ పక్కన ఇంకోటి పీకు."

"ఇది బాగుండాది గదా, దీన్ని ఎందుకు..."

"బాగుండాది గాబట్టే పీకమంటాండా!"

గురువారం పొద్దున మళ్లీ ఇద్దరూ కూర్చున్నారు. పెండ్లి చీరవాళ్లు ఫోన్ చేస్తే పెద్దక్క, "అచ్చు కాడ కొంచెం చిక్కు పడిందమ్మా, విప్పుతాండాం," అని చెప్పి పెట్టేసింది. నడినెత్తి మీద రూపాయి బిళ్లంత కాకపోయినా ఎనిమిదణాలంత చోటు పలచబడింది. కణతల దగ్గర నల్లవన్నీ ఏరి తెల్లవి కట్టారు. నుదుటి గీత అక్కడక్కడా చెరిగింది. చివరికి సువర్ణ పెట్టుకుని తిరిగితే పెద్దక్క చాలాసేపు చూసి, "మా అత్త మాదిరి ఉండావు," అంది. ఆ అత్తతో ఆమెకు ఇరవై ఏళ్లు పడలేదు.

శుక్రవారం వరసలో ముందర ముప్పై మంది ఉన్నారు. ఆషాఢం గాలికి షామియానా పీకి పెట్టేట్టు కొట్టుకుంటోంది. నలుగురిలోకి వస్తున్నానని పెద్దక్క రాత్రే ప్యాకెట్టు పూసుకుంది. నుదుటి మీద, చెవి మీద నల్ల మరక ఇంకా ఉంది. సువర్ణ కొంగు కప్పుకుని, కాగితాల సంచి గుండెకు పెట్టుకుని నిలబడింది. వాళ్లు అడగబోయే ప్రశ్నలూ, తను చెప్పబోయే జవాబులూ దారిపొడుగునా అనుకుంటూ వచ్చింది. ఒక్కొక్క జవాబు సానబట్టిన కత్తిలా ఉంది.

కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే చేయి చాపింది. "పాత కార్డు."

సువర్ణ ఇచ్చింది. అమ్మాయి సుంకప్ప పేరు చూసింది, పేరు మారిన కాగితం చూసింది, సువర్ణ ముఖం చూసింది. ఒక్కసారి.

"దీనికి జిరాక్స్ ఏదవ్వా?"

"ఉండాది."

"ఏం పని?"

"అచ్చు అతుకుతా."

"ఎవరి మగ్గంలో?"

"నా మగ్గంలోనేనమ్మా," అని పెద్దక్క ముందుకొచ్చింది. "ముప్పై ఏండ్ల నించి."

"ఈడ సంతకం పెట్టక్కా. అవ్వా, నువ్వు వేలెయ్."

వేలు పడలేదు. తుడిచి వేసినా పడలేదు. సువర్ణ మొదటి జవాబు నోటి దాకా తెచ్చుకుంది.

"పోనీలే, ముసిలోళ్లకు ఎవరికీ పడవు," అంది అమ్మాయి. "కొంగు తీసి ఆ కెమెరా కల్లా చూడు."

సువర్ణ కొంగు దించింది. షామియానా కింద ఇంతమంది ముందు నెత్తి మీద గుడ్డ లేకుండా నిలబడటం ఆమెకు గుర్తున్నంతలో లేదు. చెవుల్లో గాలి హోరు. వెనక నవ్వు కోసం వీపంతా చెవులు చేసుకుంది. కెమెరా క్లిక్కుమంది.

"అవ్వా!" అమ్మాయి నుదురు కొట్టుకుంది. "కండ్లు మూసినావు. మళ్లా."

వెనకనుంచి ఎవరో ముసలామె అరిచింది. "బిరీన కానీయవ్వా! మాకు ఇండ్లల్లో పనుల్లేవా?"

"ఉండు మే, నువ్వొక్కదానివే వచ్చినావా ఈడికి?" అని సువర్ణ తిరిగి అరిచింది. అరుపు నోట్లోంచి పోయాక గానీ, తను అనుకుంటూ వచ్చిన జవాబుల్లో అది లేదని ఆమెకు తెలియలేదు.

రెండోసారి కళ్లు పెద్దవి చేసి చూసింది. క్లిక్కుమంది. "సరే, పో. ఎనకాల ఎవరు?"

సువర్ణ కదల్లేదు. "అంతేనా?"

"ఇంకేం గావాలవ్వా?"

పెద్దక్క చేయి పట్టుకుని బయటికి లాగింది. "హారతి పట్టాల్నా నీకు? నడువ్."

షేర్ ఆటోలో ఎనిమిది మంది. పెద్దక్క నవ్వు ఆపుకోలేకపోతోంది. "నేను అక్కంట. నువ్వు అవ్వంట. నీకంటే పదేండ్లు పెద్దదాన్ని!"

"నవ్వు, నవ్వు. నెల కూలి, ఒక టిఫిను పోసినా ఆ మాటకు. ఒక్కరన్నా సరిగ్గా చూసినారా? ఇంత కష్టపడి కడితే!"

"చూడకూడదనే గదా కట్టింది?"

ఆటో మలుపు తిరిగింది. గాలి ఎదురుగా తగిలి కొంగును లాగింది. అలవాటు ప్రకారం ఎడమచేయి చెవి దగ్గరికి పోయి కొంగును బిగబట్టింది. మిగిలిన కొస టపటపమని పెద్దక్క ముఖానికి కొట్టుకుంది.

"థూ! ఆ చెయ్యి దించు మే. నా కండ్లల్లో కొడతాండాది. నడుముకు దోపుకో."

సువర్ణ కొంగు లాగి నడుముకు దోపుకుంది. గాలి నుదుటి మీంచి పాపిటలోకి, పోగులు వదిలేసిన చోట్లలోకి చల్లగా దూరింది. ఆటో ఆగింది. కింద నిలబడిన ఒక ఆడమనిషి ఎవరి వైపూ చూడకుండా టమోటాల బుట్ట ఎత్తి సువర్ణ ఒళ్లో పెట్టేసింది.

"పట్టుకో అవ్వా, నేనెక్కాల."

బుట్ట బరువుగా ఉంది. సువర్ణ రెండు చేతులతో పట్టుకుంది.